గ్రాంట్ రోడ్డు పేరు వెనుక ఒక పాట



కామాఠీపురా పిల్లలకు గ్రాంట్ రోడ్డు కొత్త కాదు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వచ్చి, బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీల పేరు మన వీధులకు దక్కింది. ప్రక్కనున్న దారికి ఒక గవర్నరు పేరు పెట్టారు. ఆ దారి నేడు మౌలానా షౌకత్ అలీ రోడ్డు అయినా, ప్రాంతాన్ని జనం పాత పేరుతోనే పిలుస్తున్నారు. ఆ గ్రాంట్ ఎవరని పిల్లలు అడిగితే గవర్నరని చెప్పి ఊరుకోకండి. ఆయన పాట వ్రాసినవాడని కూడా చెప్పండి.

సర్ రాబర్ట్ గ్రాంట్ 1779లో బెంగాలులో జన్మించాడు. 1835 నుండి, 1838లో పూణే సమీపాన దాపోడీలో మరణించేవరకు, బొంబాయి గవర్నరుగా ఉన్నాడు. ఇక్కడికి రాకముందే, 1833లో, ఆయన వ్రాసిన ‘ఓ వర్షిప్ ది కింగ్’ అనే ఆంగ్ల గీతం అచ్చయింది. దానికి మూలం బైబిలులోని 104వ కీర్తన. అదే కీర్తనను విలియం కీత్ 1561లోనే ఛందోబద్ధం చేశాడు. గ్రాంట్ ఆ నడకను స్వీకరించి, మాటలు తనవి కూర్చుకున్నాడు.

లేఖనానికి లోబడి పాట వ్రాయడం ఎంత కష్టమో ఈ ఒక్క గీతంతో బోధించవచ్చు. పలకపై మూడు గడులు గీయించండి: ఉంచినవి, విడిచినవి, చేర్చినవి. వెలుగు వస్త్రం కావడం, ఆకాశం గుడారం కావడం, మేఘాలు రథం కావడం ఆయన ఉంచినవి. కొంగలు, కొండమేకలు, సింహాలు విడిచినవి. పాపులు లేకుండా పోవాలనే చివరి వచనపు ప్రార్థననూ ఆయన విడిచాడు. మేఘరథానికి కోపాన్ని జోడించడం ఆయన చేర్చినది. మూడవ వచనంలో ఆ మాట లేదు. విమోచకుడు, మిత్రుడు అనే పిలుపులు కూడా ఈ కీర్తనలోనివి కావు. బైబిలులోని ఇతర భాగాల నుండి వచ్చినవి. ఏది తప్పు, ఏది ఒప్పు అన్నది పిల్లలనే వాదించుకోనివ్వండి.

అదే శతాబ్దిలో ఈ పరీక్ష మన భాషకూ ఎదురైంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రైస్తవ గీతాలను తెలుగు కీర్తన పద్ధతిలో, పల్లవి చరణాలతో రచించాడు. ఆయన పాటలు చేరిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో పాటల పైన రాగతాళాల పేర్లు ఉండటం గమనించగలరు. కీర్తన అన్న మాట కూడా తాళ్లపాక అన్నమాచార్యుని నాటి నుండి మనకు పరిచితమే.

అయితే తెలుగులో ప్రాస అనే చిక్కు ఉంది. ‘వెలుగు’ అని పాదం ఆరంభిస్తే, తరువాతి పాదంలో రెండవ అక్షరం లకారమే కావాలి. ‘జలము’ అంటే ఇబ్బంది లేదు. ఆ కీర్తనలో నీళ్లున్నాయి. ‘కలువ’ అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది గాని, 104వ కీర్తనలో కలువ లేదు. ప్రాస కోసం పూసిన పువ్వు అది! మంచి రచయిత ఆ పువ్వును వదులుకొని మరొక మాట కోసం కాచుకుంటాడు.

ఇక మన సంగతి. ముంబయిలో తెలుగు మాధ్యమం తరిగిపోతున్న ఈ రోజుల్లో, తెలుగు పాటను ఆంగ్లాక్షరాలలో వ్రాసుకొని పాడే పిల్లలున్నారు. ఆ అక్షరాలలో ‘కల’కూ ‘కళ’కూ, ‘మది’కీ ‘మడి’కీ తేడా సాధారణంగా కనిపించదు. రాగం నేర్చిన పిల్లవాడు పాడగలడు. కాని పాట మూలానికి నమ్మకంగా ఉందో లేదో చూడాలంటే మూలాన్ని తెరిచి చదవగలగాలి. చదవలేనివాడు పాడించినది పాడవలసిందే. ఇది క్రైస్తవ గీతానికే కాదు, పోతన పద్యానికీ, జానపద గేయానికీ వర్తిస్తుంది.

కాబట్టి మీ ఇంట ఏ పాట పాడినా సరే, ఈ వారం దానిని తెలుగు లిపిలో పిల్లలచేత ఒక్కసారి వ్రాయించండి. మూలం ఉంటే ప్రక్కన పెట్టి, ఆ మూడు గడులూ నింపించండి.