బ్యాటు పట్టకుండానే

హెర్బ్ వాషింగ్టన్ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 105 ఆటల్లో కనిపించాడు. ఒక్కసారీ బ్యాటు పట్టలేదు, ఫీల్డింగుకు దిగలేదు. అతని పని పరుగొక్కటే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 50, 60 గజాల పందేల్లో ప్రపంచ రికార్డు వేగం అందుకున్న ఆ కుర్రవాణ్ణి 1974లో ఓక్లండ్ ఏస్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ ఏరికోరి తెచ్చుకున్నాడు. హైస్కూలు దాటాక అతను బేస్‌బాల్ ఆడిందే లేదు. పాతిక మందికే చోటున్న జట్టులో పరుగు కోసమే ఒకడా అని తోటివాళ్లు గొణిగారు. అది ఉత్త అసూయ అనుకోను.

ఎందుకంటే బేస్‌బాల్‌లో ఒకరి బదులు మరొకరిని దింపడం అంత చవక కాదు. అమెరికా బడిపిల్లల ఆటలో మాత్రం ఈ నిబంధనలు కాస్త మెత్తన. బంతి విసిరే పిచ్చరో, దాన్ని పట్టే క్యాచరో బ్యాటింగుకు దిగి బేస్ (పరుగులో మజిలీ) చేరితే, అప్పటిదాకా ఆటలోకి రాని పిల్లవాడు వాళ్ల బదులు పరిగెత్తుతాడు. అతనే కర్టెసీ రన్నర్. ఆ పరుగు ముగిశాక అసలువాడు తన చోటికి వచ్చేస్తాడు. మొదట దిగిన మిగతా ఆటగాళ్లకు కూడా ఒకసారి తిరిగొచ్చే వీలుంది. మేజర్ లీగ్‌లో ఒకప్పుడు అవతలి జట్టు ఒప్పుకుంటే చెల్లిన ఈ కర్టెసీ రన్నర్ మర్యాదను 1950 నాటికే నిబంధనల్లోంచి తీసేశారు. అక్కడ ఒకడి బదులు ఇంకొకడు దిగాడంటే, మొదటివాడికి ఆ రోజు ఆట ముగిసినట్టే. (అంతర్జాతీయ క్రికెట్‌లో 2011లో రన్నర్‌ను ఎత్తేసినప్పుడు మనమూ నొచ్చుకున్నాం కదా!)

1974 అక్టోబరు 13. లాస్ ఏంజెలెస్‌లో మేజర్ లీగ్ తుది పోటీ వరల్డ్ సిరీస్ రెండో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. ఓక్లండ్ ఆటగాడు జో రూడి కొట్టిన దెబ్బకు రెండు పరుగులొచ్చి ఓక్లండ్ 2, స్థానిక జట్టు డాడ్జర్స్ 3 అయ్యాయి. ఫస్ట్ బేస్‌లో ఉన్న రూడిని బయటికి పిలిచి వాషింగ్టన్‌ను దింపారు. అంటే, స్కోరు సమమై ఆట సాగినా రూడి బ్యాటు ఇక లేనట్టే. అంత మూల్యం చెల్లించి తెచ్చిన కాళ్లవి!

ఎదుట పిచ్చర్ మైక్ మార్షల్. మిషిగన్ స్టేట్‌లో వాషింగ్టన్‌కు పాఠం చెప్పినవాడే. బంతి వేయబోతున్నట్టు నిలబడి, ఒక్కసారిగా తిరిగి ఫస్ట్ బేస్‌కు విసిరాడు. బేస్ వదిలి కాస్త ముందుకు జరిగిన వాషింగ్టన్ వెనక్కి దూకేలోపే, అక్కడ కాపున్న స్టీవ్ గార్వీ గ్లవ్ తగిలింది. అవుట్. ఓక్లండ్ ఓడింది.

పందెంలో తుపాకీ మోగితే పరుగు. ఇక్కడ పిచ్చర్ మడమ, భుజం కనిపెట్టి కదలాలి. ఆ చదువు ఏళ్ల తరబడి ఆడితే తప్ప రాదు. కాళ్లుంటే చాలని ఫిన్లీ అనుకున్నాడు, నింద మాత్రం కుర్రవాడు మోశాడు.

సిరీస్ చివరికి ఓక్లండే గెలిచింది. 1975 మేలో వాషింగ్టన్‌ను జట్టులోంచి తీసేశారు. మొత్తంమీద, బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరిగెత్తి 31 బేస్‌లు ‘దొంగిలించాడు’, 17 సార్లు దొరికిపోయాడు. తర్వాత మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు అనేకం నడిపి స్థిరపడ్డాడు.