మించినవాడెవడు?

“మించు” అను క్రియ మన భాషలో చిత్రమైనది. “విద్యలో తండ్రిని మించినాడు” అనిన పొగడ్త. “పెద్దల మాట మించినాడు” అనిన నింద. ఈ క్రియను ప్రభుత్వ కార్యాలయమునకు తెచ్చి, “ఫలానా అధికారి ఫలానా అధికారిని మించును” అని ఎవరైన పలికినచో, వినువాడు వెంటనే “దేనియందు?” అని అడుగవలెను. హోదాయందా, జీతమునందా, సభలోని ఆసనమునందా, ఫైలుపై పెట్టు సంతకమునందా? ఇవన్నియు ఒక్కచోట నుండవు. అవి వేరువేరు చేతులలో నున్నందున ఒకప్పుడు ఈ దేశపు వైస్రాయియే పదవి వదలుకొని వెడలవలసి వచ్చెను.

1902 నవంబరులో జనరల్ కిచనర్ హిందూదేశమునకు సర్వసేనానిగా వచ్చెను. సూడానులో, దక్షిణాఫ్రికాలో యుద్ధములు గెలిచి పేరు మోసినవాడు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సర్వసేనానికి వైస్రాయి తరువాతి స్థానము. విందులందు, దర్బారులందు తక్కిన సభ్యులందరు అతని వెనుకవారే. అయితే అదే మండలిలో సైనిక సభ్యుడను మరియొకడు కలడు. ఆనాడు ఆ పదవిలో నున్న సర్ ఎడ్మండ్ ఎలెస్ మేజర్ జనరల్ మాత్రమే. అనగా సైనిక శ్రేణిలో కిచనర్ కంటె చాల చిన్నవాడు.

చిక్కు ఇక్కడనే గలదు. సర్వసేనాని చేయు ప్రతిపాదన తిన్నగా వైస్రాయి యొద్దకు పోదు. సైనిక శాఖకు పోవును. అక్కడి గుమాస్తాలు, కార్యదర్శి దానిపై నోట్లు వ్రాయుదురు. సైనిక సభ్యుడు తన అభిప్రాయము చేర్చును. ప్రతిపాదన త్రోసివేయబడినచో ఆ జవాబు మేజర్ జనరల్ పేర రాదు, “హిందూదేశ ప్రభుత్వము” పేర వచ్చును. హోదాలో కిచనర్ ఎలెసును మించును. ఫైలులో ఎలెస్ కిచనర్‌ను మించును. వ్యాకరణరీత్యా రెండు వాక్యములును నిర్దుష్టములే!

కిచనర్ ఫిర్యాదు కేవలము అహంకారజనితమని తీసివేయరాదు. ఒకే విషయముపై సైన్య ప్రధాన కార్యాలయమున ఒక పర్యాయము, సైనిక శాఖలో మరల ఒక పర్యాయము నోట్లు పెరుగుచుండెను. సెక్రటేరియట్ జీవిత మెరిగిన పాఠకులకు దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. కాని అతడు కోరిన చికిత్స, సైనిక సభ్యుని పదవినే తొలగించుట. కర్జన్ ప్రభువు దీనికి ఒప్పుకొనలేదు. సైన్యమును నడుపువాడే దానిని గూర్చి సలహా చెప్పు ఏకైక వ్యక్తి యైనచో, అతని మాట తప్పో ఒప్పో ప్రభుత్వమునకు తెలియు మార్గమేది అని ఆయన వాదము. బెంగాలు విభజన వంటి పనులకు కర్జన్‌ను మనము క్షమించలేము గాని, ఈ ఒక్క విషయమున న్యాయము ఆయన పక్షముననే యుండెనని నా అభిప్రాయము.

1905 మార్చి 10న మండలి సమావేశమైనది. కిచనర్ తప్ప తక్కినవారందరు అతని ప్రతిపాదనను నిరాకరించిరి. అతడు వాదించుటకు పూనుకొనలేదు. అవసరమును లేదు, లండనులోని పలుకుబడిగల మిత్రులకు అతడు అదివరకే రహస్యముగా లేఖలు వ్రాయుచుండెను. పై అధికారిని దాటి ఆ పైవానికి వ్రాయుట నాటి విద్య కాదు, నేటి విద్యయును కాదు. మే 31వ తేదీని భారత మంత్రి బ్రాడ్రిక్ పంపిన ఆజ్ఞాపత్రమున సైనిక సభ్యునికి మారుగా సరఫరాలు చూచుకొను సభ్యుడొక్కడు మిగిలెను. ఆ పదవికి తాను సూచించిన వ్యక్తిని సైతము లండను నిరాకరింపగా కర్జన్ రాజీనామా ఇచ్చెను. అది ఆగస్టులో వెల్లడియైనది. 1909లో ఆ సరఫరా శాఖయును పోయెను. రెండు బాధ్యతలు ఒక్కని నెత్తిపై పడెను.

ఫలితము మెసపొటేమియాలో తేలినది. 1916 ఏప్రిల్ 29న కుట్ పట్టణమున ముట్టడిలో చిక్కిన సేన ఆకలిచే అలమటించి తురుష్కులకు లొంగిపోయెను. ఆ బందీలలో అధికసంఖ్యాకులు భారతీయ సిపాయిలే. వారిలో అనేకులు మరల ఇల్లు చూడలేదు. క్షతగాత్రులకు పడవలు లేవు, వైద్యులు చాలలేదు. 1917లో విచారణ సంఘము తన నివేదికను ప్రకటించుచు, సర్వసేనాని పని, సైనిక సభ్యుని పని ఒక్కడే నిర్వహించుట అసాధ్యమని తేల్చెను. కిచనర్ అప్పటికి జీవించి లేడు. భారత మంత్రి ఆస్టెన్ ఛేంబర్లెన్ రాజీనామా చేసెను.

సర్వసేనానుల హోదా ఎంతటిదో చూడగోరువారు ఢిల్లీలో తీన్ మూర్తి భవనమునకు పోవచ్చును. 1930లో వారికొరకే కట్టిన ఆ భవనము స్వాతంత్ర్యానంతరము ప్రధానమంత్రి నివాసమై, 1964లో నెహ్రూగారు మరణించువరకు అట్లే యుండెను. “సర్వసేనాని” బిరుదము 1955లో రద్దైనది. 1979 జులై 26న రాష్ట్రపతి సచివాలయము ప్రకటించిన గౌరవక్రమ పట్టికలో క్యాబినెట్ కార్యదర్శికి 11వ స్థానము, సేనాధిపతులకు 12వ స్థానము, కేంద్ర ప్రభుత్వ కార్యదర్శులకు 23వ స్థానము. ఆ పట్టిక క్రింద మొట్టమొదటి సూచన యొకటి కలదు. ఈ వరుస ఉత్సవ సందర్భములకు మాత్రమే గాని ప్రభుత్వపు దైనందిన కార్యములకు వర్తింపదని దాని భావము.