1871లో రెండు కాగితాలు



రొయ్యల గుంట దగ్గర మోటారు పోయిందంటే ముందు మన యానాదుల కాలనీకే వస్తారు. "వాళ్ల రక్తంలోనే ఉంది" అనే మాట మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఈ మాట ఎక్కడ పుట్టిందో హాస్టల్లో కూర్చుని మేము వెతికాం.

1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. కొన్ని తెగలకు నేరం పుట్టుకతోనే వస్తుందని దాని లెక్క. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన జిల్లాలో ఎరుకల అన్నదమ్ములను కావలి సెటిల్‌మెంటులో పెట్టారు. యానాదుల మీదా ఆ ముద్ర పడింది. దాన్ని తీసెయ్యాలని నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు పోరాడారు. చివరికి 1952లో రద్దయింది.

అదే 1871లో ఇంకో కాగితం అచ్చయింది. కణాల కేంద్రకంలో ఒక కొత్త పదార్థం దొరికిందని ఫ్రీడ్రిక్ మీషర్ రాశాడు. మనం ఇప్పుడు డీఎన్ఏ అంటున్నది దాన్నే. అంటే పుట్టుకతో ఏది ఎలా వస్తుందో వాళ్లకింకా తెలీదు. మన పుట్టుక మీద చట్టం మాత్రం రాసేశారు.

తర్వాత తెలిసిందేంటంటే, డీఎన్ఏ ఉన్నంత మాత్రాన అంతా పనిచేయదు. మనిషి ఒక్క కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. బిగించి మడిచిన చోట జన్యువులు దాదాపు పనిచేయవు, విప్పిన చోట చేస్తాయి. మడిచి గూట్లో పెట్టిన వలకు చేప పడుతుందా? వల అదే కదా. ఈ మడత, విప్పు సంగతి చదివేదే ఎపిజెనెటిక్స్.

దీనికి సాక్ష్యం మన పెద్దోళ్లకి బాగా తెలిసిన పాముల్లోనే ఉంది. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము జాతి నుంచి లాల్జీ సింగ్ గారు 1980లో ఒక డీఎన్ఏ ముక్క తీశారు. తర్వాత ఆయన హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. ఆడపాములో ఆ ముక్కలు ఎక్కువగా ఉండే డబ్ల్యూ క్రోమోజోమ్ మామూలు కణాల్లో ముడుచుకుని ఉంటుంది, గుడ్డుగా ఎదిగే కణంలో విప్పుకుంటుంది. పాము ఒకటే, క్రోమోజోమ్ ఒకటే.

పామును చూపించి దొంగతనం గురించి తేల్చలేం, నిజమే. కానీ అదే ముక్కతో సీసీఎంబీలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేశారు. దొరికిన రక్తం ఏ మనిషిదో అది చెబుతుంది. ఏ తెగ దొంగ అని చెప్పదు.

ఇంకోసారి ఎవరైనా "రక్తంలోనే ఉంది" అంటే తల దించుకోకండి. ఎవరి రక్తంలో, ఏ సాక్ష్యంతో అని అడగండి.