చేపల వ్యాపారంలో జన్యు పరీక్ష

ఒక జాతి చేపను మరో జాతి పేరుతో, చాలావరకు చౌకదాన్ని ఖరీదైనదాని పేరుతో, అమ్ముతున్నారన్న అనుమానం కలిగినప్పుడు మాంసంలోని డి.ఎన్.ఎ. ఆధారంగా అసలు జాతిని నిర్ధారించే పద్ధతి ఇది. తల, వాజాలు, పొలుసులు ఉన్న చేపను అనుభవజ్ఞులైన మత్స్యకారులు చూడగానే పోల్చుకోగలరు గాని, తోలు ఒలిచి, ముళ్లు తీసి, గడ్డకట్టించిన ముక్కల్లో ఆ ఆనవాళ్లేవీ మిగలవు.

కణానికి శక్తినందించే మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఎ. ఉంటుంది, కణానికి వందల, వేల ప్రతులుండడంతో అది చిన్న ముక్కలోనైనా దొరుకుతుంది. అందులోని ఒక ఆక్సిడేజ్ జన్యువులో సుమారు 650 క్షార జతల భాగం ఒకే జాతిలో దాదాపు ఒకేలా, చాలా జాతుల మధ్య భిన్నంగా ఉంటుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో దీనిని జంతుజాతుల గుర్తింపునకు ప్రమాణంగా ప్రతిపాదించగా, ఆ పద్ధతికి డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ అన్న పేరు స్థిరపడింది. ఆ భాగాన్ని పాలిమరేజ్ గొలుసు చర్యతో అసంఖ్యాకంగా ప్రతులు తీసి, క్షారాల వరుసను చదివి, నిపుణులు జాతి నిర్ధారించి భద్రపరచిన నమూనాల వరుసలతో పోలుస్తారు. ఆ నమూనాకే తప్పు పేరు పడి ఉంటే తీర్పూ తప్పుతుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) సైటోక్రోమ్ బి అనే మరో మైటోకాండ్రియా జన్యువుతో వన్యప్రాణుల మాంసాన్ని గుర్తించే విధానాన్ని రూపొందించింది.

ఈ పరీక్ష బయటపెట్టిన మోసాల్లో అమెరికాలోని రెడ్ స్నాపర్‌ది ప్రసిద్ధ ఉదాహరణ. ఓషియానా సంస్థ 2010–12 మధ్య అక్కడి దుకాణాల్లో, హోటళ్లలో సేకరించిన 1,200కు పైగా నమూనాల్లో మూడోవంతుకు తప్పుడు పేర్లున్నాయి. రెడ్ స్నాపర్ పేరిట కొన్న 120 నమూనాల్లో నిజమైనవి ఏడే. తెల్ల ట్యూనాగా అమ్మినదాంట్లో అత్యధికం ఎస్కొలార్, జీర్ణం కాని మైనపు నూనెతో విరేచనాలు కలిగించే చేప. అంతకంటే భయంకరమైనది 2007 నాటి షికాగో ఉదంతం: మాంక్‌ఫిష్ అని దిగుమతైనది టెట్రోడోటాక్సిన్ అనే ప్రాణాంతక విషమున్న బుడగచేప అని తేలేసరికే దాన్ని తిన్నవారు అస్వస్థులయ్యారు. నష్టం కొన్నవారి డబ్బుతో ఆగదని దీనివల్ల స్పష్టమవుతుంది.

డబ్బాల్లో నింపేటప్పటి తీవ్రమైన వేడికి డి.ఎన్.ఎ. తునకలైపోతుంది కనుక అటువంటి సరుకుకు 100–200 క్షార జతల పొట్టి భాగాలు వాడతారు. దగ్గరి బంధుత్వమున్న ట్యూనా జాతుల విషయంలో ఒక్క జన్యువు చాలదు. మైటోకాండ్రియా తల్లి నుంచే సంక్రమిస్తుంది కాబట్టి సంకర చేపలో తండ్రి జాతి కనబడదు. పేరు పడవలో మారిందో, శుద్ధి కర్మాగారంలో మారిందో, అంగడిలో మారిందో కూడా ఈ పరీక్ష చెప్పలేదు. అందుకు కొనుగోలు పత్రాలను వెనక్కి వెతుక్కుంటూ పోవలసిందే. చేప వాడుక పేరుతోపాటు శాస్త్రీయ నామాన్నీ తెలపాలని ఐరోపా సమాఖ్య 2013 నాటి నియమావళిలో విధించింది. ఒకే వాడుక పేరు కింద అనేక జాతులు చెలామణి అయ్యే చోట ప్రయోగశాల ఫలితాన్ని నేరుగా లేబుల్‌తో సరిపోల్చే వీలు దీనివల్లనే కలుగుతుంది.