పరుగు దగ్గర ఆగిపోని మనిషి

మన తండాల్లో, యానాది కాలనీల్లో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే పిల్లలు ఏడాది పొడుగునా కనిపించరు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే కనిపిస్తారు. 1600 మీటర్లు సమయానికి పూర్తయితే సరే, లేకపోతే బూట్లు అటక ఎక్కుతాయి. ‘నా పరుగు ఇంతే’ అనే మాట మేము ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అందుకే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఈ సంచికలో మీకు ఒక పరుగుల మనిషి చరిత్ర చెబుతున్నాం. ఆమె మన ప్రాంతం మనిషి కాదు, స్కాట్లాండ్ అమ్మాయి. పేరు బెత్ పాటర్.

1991లో గ్లాస్గోలో పుట్టింది. చిన్నతనంలో ఈత పోటీలకు వెళ్లేది, తర్వాత పరుగులోకి వచ్చింది. లండన్‌లో ఫిజిక్స్ పంతులమ్మగా పనిచేస్తూనే సాధన చేసి, 2016లో రియో ఒలింపిక్స్ 10,000 మీటర్ల పోటీకి చేరింది. ఆ రోజు ఇథియోపియాకు చెందిన అల్మాజ్ అయానా 29 నిమిషాల 17.45 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టింది. బెత్‌కు 33 నిమిషాలు దాటింది. వచ్చింది 34వ స్థానం. అయానా గీత దాటేసరికి ఈమెకు ఇంకా దాదాపు మూడు చుట్లు మిగిలి ఉన్నాయి.

అదే రియోలో మన దేశం నుంచి మారథాన్ పరుగెత్తిన కవితా రౌత్‌ను కూడా ఇక్కడ తలచుకోవాలి. నాసిక్ జిల్లా సావర్‌పాడకు చెందిన ఆదివాసీ బిడ్డ ఆమె. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. రియోలో 120వ స్థానం. ఎంత గట్టి కాళ్లకైనా ఒలింపిక్ పరుగు అంత కఠినం.

బెత్ ఆ లెక్క అర్థం చేసుకుంది. ఉద్యోగం మానేసి లీడ్స్ వెళ్లి ట్రయథ్లాన్‌లో చేరింది. ముందు ఈత, తర్వాత సైకిల్, చివర పరుగు, మధ్యలో ఆగడం ఉండదు. 1974లో అమెరికాలోని శాన్‌డియాగోలో మొదలైన ఈ ఆట 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ఎక్కింది. అక్కడ దూరాలు 1.5, 40, 10 కిలోమీటర్లు.

ఓడిపోయి ఆట మార్చిందని కొందరు అనుకోవచ్చు. మాకు అలా అనిపించలేదు. చివరి పది కిలోమీటర్ల కాళ్లు ఆమె దగ్గర ముందే ఉన్నాయి, చిన్ననాటి ఈతను మళ్లీ బయటికి తీసింది. 2018 కామన్వెల్త్ క్రీడల్లో ట్రయథ్లాన్, 10,000 మీటర్ల పరుగు రెండింటిలోనూ దిగింది. 2019లో యూరప్ ఛాంపియన్ అయింది. 2021లో రోడ్డు మీద 5 కిలోమీటర్లు 14 నిమిషాల 41 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి ప్రపంచ రికార్డు కంటే అది మూడు సెకన్లు తక్కువే అయినా అధికారికంగా గుర్తింపు దక్కలేదు. అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్ ట్రయథ్లాన్ జట్టులోనూ చోటు దొరకలేదు. ట్రయథ్లాన్‌లో చేరి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆమె జీవితంలో మీరు ఆగి చూడాల్సింది పతకాల కంటే ఆ ఏడాదినే.

ఇక మన సంగతి. పరుగు మనకు ఉంది. పోటీ సైకిల్ ఖరీదు మోటారు సైకిల్‌ను మించుతుంది, అది వేరే పోరాటం. నీళ్ల దగ్గర మాత్రం మనలోనే తేడా ఉంది. పులికాట్ నీళ్లలో దిగి చేతులతోనే రొయ్యలు పట్టే యానాది పిల్లలకు నీటి భయం తెలియదు. పడమటి మండలాల సుగాలి తండాల్లో చెరువు నిండితేనే ఈత, అది కూడా మగపిల్లలకే. ఆడపిల్లను చెరువు గట్టు మీదే కూర్చోబెడతాం. ఈ తప్పు మన ఇళ్లదే. అలాగని నేర్పేవాళ్లు లేకుండా క్వారీ గుంటల్లో దూకొద్దు, అక్కడ పోయిన ప్రాణాలు చాలు.

2023లో బెత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 జులై 31న పారిస్‌లో సేన్ నదిలో ఈది, 32 ఏళ్ల వయసులో కంచు పతకం అందుకుంది. అయిదు రోజులకు జరిగిన మిశ్రమ రిలేలో బ్రిటన్ తరఫున చివరి వంతు ఆమెదే. అమెరికా మనిషితో దాదాపు ఒకేసారి గీత దాటింది. ఫోటో చూశాకే వెండి అమెరికాదని, కంచు బ్రిటన్‌దని తేలింది.