రాజమహేంద్రవరపు వీధులు – హేయరు బోధకుడు

ఊరి చరిత్రమును శాసనములలోనే కాక వీధుల పేర్లలోను చదువుకొనవచ్చును. రాజమహేంద్రవరమున కోటగుమ్మము మొదలుకొని తిరిగి చూతము. కోట లేదు, గుమ్మము పేరు నిలిచినది. వంకాయలవారి వీధికి పోయినచో వీరేశలింగము పంతులుగారి యిల్లు కనబడును. ఇన్నీసుపేట ఒక ఆంగ్లేయోద్యోగి పేరును నేటికిని మోయుచున్నది. జాంపేటలో లూథరను దేవాలయమున్నది. మరికొంత దూరమున లూథర్‌గిరి. పదునాఱవ శతాబ్దపు జర్మను మతసంస్కర్త పేరు గోదావరి యొడ్డున నొక పేటకు ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో నొక వృద్ధుని కథ బయటపడును.

ఇచ్చట లూథరను మతప్రచారమును 1845లో ఆరంభించినవారు ఉత్తర జర్మను సంఘమువారు పంపిన వాలెట్టుగారు. కొలది యేండ్లకే ధనాభావముచే ఆ సంఘము తన పనిని అమెరికా లూథరనులకు అప్పగించినది. పిమ్మట అమెరికాలో అంతర్యుద్ధము వచ్చెను. లూథరనులలోనే చీలికలు కలిగెను. ఇచ్చటికి పంపుటకు మనుష్యులును ధనమును కరవై, రాజమహేంద్రవరపు క్షేత్రమును ఆంగ్లేయ మిషనువారికి ఇచ్చివేయుటకు 1869లో సన్నాహములు జరిగెను.

అప్పుడు లేచి నిలిచినవాడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయరు. ఆయన 1793లో జర్మనీయందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించి, బాల్యముననే అమెరికా చేరినవాడు. 1842లో గుంటూరు వచ్చి తెలుగు నేర్చి పాఠశాలలు పెట్టెను. నడుమ స్వదేశమునకు పోయి వైద్యవిద్య నభ్యసించి మరలివచ్చి, పలనాటి సీమలో పనిచేసెను. 1869 నాటికి ఆయన వయస్సు డెబ్బదియాఱు. క్షేత్రమును వదలవలదని వాదించి, వేఱొకరు దొరకువరకు తానే పోయెదనని ఆ వృద్ధుడు బయలుదేఱెను. ఆ సంవత్సరాంతమునకే గోదావరి తీరము చేరెను. నాటికి ఈ నదిపై రైలు వంతెన లేదు; ధవళేశ్వరపు ఆనకట్ట మాత్రము 1852లో పూర్తియైయున్నది.

ఆయన వచ్చుసరికి పని పూర్తిగా నశింపలేదు. దొరలు లేని దినములలో తోట జోసెఫు, నేలప్రోలు పౌలుస్ వంటి తెలుగువారు పల్లెలలో విశ్వాసులను నిలిపియుంచిరి. హేయరు కాపాడినది వారి శ్రమను గూడ ననుట న్యాయము. 1870లో సహాయమునకు వచ్చిన బెకరు కొలది మాసములకే మరణించెను. అదే యేట ష్మిట్టు వచ్చి, మూడు దశాబ్దములకు పైగా ఇచ్చటనే పనిచేసెను. వారసుడు దొరకిన పిదప 1871లో హేయరు మరలిపోయి, 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను.

ఆయన రాజమహేంద్రవరమున నుండినది రమారమి ఒక్క యేడు మాత్రమే. కాని ఆ యొక్క యేడు లేకున్నచో ఊరి పటమే వేఱుగ నుండెడిది. 1927లో ఆంధ్ర లూథరను సంఘము ఏర్పడినది. లూథర్‌గిరిలో బోధకులకు విద్యాలయము వర్ధిల్లినది. 1964లో పలు క్రైస్తవ శాఖలు కలిసి స్థాపించిన దైవశాస్త్ర కళాశాల ఆ యావరణముననే ఆరంభమై, తరువాత హైదరాబాదునకు తరలినది. కళాశాల పోయినను పేట పేరు మిగిలినది.

మనము దినదినము నడచు వీధులలో ఇట్టి కథలు ఎన్ని మఱుగుపడియున్నవో! లూథర్‌గిరి అను మాట వినినపుడు, డెబ్బదియాఱేండ్ల వయస్సున సముద్రము దాటివచ్చిన వృద్ధుని, ఆయనకు ముందే పల్లెబాటల నడచిన తెలుగు బోధకులను ఒక్కమాఱు తలచుకొందము.