నమూనా రైళ్లు

అసలు రైళ్లను నిర్ణీత నిష్పత్తిలో కుదించి తయారుచేసే చిన్న రైళ్లు. 1891లో జర్మనీకి చెందిన మెర్క్‌లిన్ సంస్థ లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ప్రామాణిక కొలతల పట్టాలతో బొమ్మ రైళ్లను చూపింది. నేడు విరివిగా వాడేది హెచ్‌ఓ స్కేలు: నిష్పత్తి 1:87, పట్టాల మధ్య ఎడం 16.5 మి.మీ. చోటు చాలని ఇళ్లలో 9 మి.మీ. ఎడం ఉండే ఎన్ స్కేలు వాడతారు.

తయారీ: ప్లైవుడ్ బల్లపై పట్టాలు బిగించి విద్యుత్తు ఇస్తారు, ఇంజను చక్రాల ద్వారా కరెంటు మోటారుకు చేరుతుంది. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో ఒక్కో ఇంజనులో తనకు వచ్చిన ఆదేశాన్ని గుర్తించే ఒక డీకోడరు ఉంటుంది కాబట్టి ఒకే లైనుపై పలు ఇంజన్లను విడివిడిగా నడపవచ్చు.

మెరుగులు: కొత్త రైలు పెట్టెల నిగనిగ పోవడానికి మాట్ వార్నిష్ కొట్టి, చక్రాల దగ్గర తుప్పురంగు పొడి అద్దుతారు.

భారతీయ బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మి.మీ.; 1:87 లెక్కన సుమారు 19.3 మి.మీ. అయినా భారతీయ హెచ్‌ఓ నమూనాలను సాధారణంగా 16.5 మి.మీ. పట్టాలపైనే నడుపుతారు.